ఐదు శాతం కంకర కోసం నాలుగు టైర్లు

ఎదురుగా ట్రాక్టర్ వస్తుంటే దారి ఇద్దామని కారు పక్కకి తీశాను. రోడ్డు అంచున పొడుచుకొచ్చిన రాయి ఒకటి వెనక టైర్ పక్క గోడని, అంటే సైడ్‌వాల్‌ని, బొటనవేలంత మేర చీరేసింది. నేలకి తగిలే ట్రెడ్‌లో మేకు దిగితే ప్యాచ్ వేయించుకుని నడుపుకోవచ్చు. సైడ్‌వాల్ తెగితే మాత్రం ఆ టైర్ కథ ముగిసినట్టే. బండి కదులుతున్నంతసేపూ వంగుతూ లేస్తూ ఉండే భాగం అది, అక్కడ అతుకు నిలవదు. ఆర్నెల్లలో నేను అలా పారేసిన రెండో టైర్ అది.

అత్తయ్యగారింటికి వెళ్లే దారిలో చివరి 7 కిలోమీటర్లకు తారు లేదు. చాలావరకు గట్టి మట్టే, మెల్లగా పోతే ఏ కారైనా పోతుంది. ఆఖరి మలుపు ఒక్కటే పేచీ. ఎత్తు, దాని మీద వదులు కంకర. మాది ఫ్రంట్ వీల్ డ్రైవ్, కారుని లాగేది ముందు చక్రాలే. పిల్లలూ సామానూ వెనక నిండితే ఆ మలుపులో ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, కంకర చిమ్ముతుంది, మా ఆయన "దిగి తొయ్యమంటావా?" అన్నట్టు చూస్తారు.

మా తమ్ముడికి ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంది. కాబట్టి అభిప్రాయాలు కూడా ఉన్నాయి. "ఏటీ టైర్లు వేసేయ్ అక్కా, ఇంకేం ఆలోచించకు" అన్నాడు. ఏటీ అంటే ఆల్ టెర్రెయిన్. తారు మీదా మట్టి మీదా రెండు చోట్లా నడిచేలా, మామూలు టైర్ కంటే పెద్ద బటన్లు, వాటి మధ్య వెడల్పు గాడులు ఉండేవి. వాడు పంపిన ఫొటోల్లో టైర్లు చూస్తే నాకూ ముచ్చటేసింది, అబద్ధం ఎందుకు. అలాంటి బటన్లతో మన కారు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ రెండు రోజులు గడిపాను.

తర్వాత ఒక చిన్న పని చేశాను. నెల రోజులు కారు ఎక్కడెక్కడ తిరిగిందో ఫోన్‌లో రాసుకున్నాను. మొత్తం 1,180 కిలోమీటర్లు. అందులో కంకర దారి నాలుగు రానుపోనులు, అంటే 56. నూటికి ఐదు కూడా లేదు. మిగతాదంతా బడి, ఆఫీసు, హైవే. వానలో తడిసిన తారు మీద తిరిగిన దూరమే కంకర కంటే ఎక్కువ. ఆ లెక్క చూశాక అడగాల్సిన ప్రశ్నే మారిపోయింది. ఎంత మొరటు టైర్ వేయగలనన్నది పక్కకి పోయి, ఎంత తక్కువ మొరటుదానితో పని జరుగుతుందన్నది ముందుకొచ్చింది.

మా కారు టైర్ మీద 215/65 ఆర్16 98హెచ్ అని ఉంటుంది. వెడల్పు 215 మి.మీ., సైడ్‌వాల్ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ 16 అంగుళాలు. 98 అనేది మోయగలిగే బరువుకి గుర్తు, ఒక్కో టైర్‌కి 750 కిలోలు. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. ఆ వేగం నాకు అక్కర్లేదు. కానీ బరువు గుర్తు మాత్రం కంపెనీ చెప్పినదానికంటే తగ్గకూడదు. ఐదుగురం ఎక్కి డిక్కీ నింపే కారు మరి.

తమ్ముడి సలహా అక్కడితో ఆగలేదు. "ఎలాగూ మారుస్తున్నావ్, 215/70 వేసేయ్. కారు కాస్త పైకి లేస్తుంది." కాగితం మీద లెక్క వేశాను. 65 టైర్ మొత్తం ఎత్తు దాదాపు 686 మి.మీ., 70 అయితే 707. ఇరవయ్యొక్క మిల్లీమీటర్ల తేడాలో కారు లేచేది సగమే, అంటే చిటికెన వేలి మందం. దానికి బదులుగా ఇచ్చుకునేది చూడండి. మీటర్ 100 చూపిస్తుంటే కారు నిజంగా పోయే వేగం 3 శాతం ఎక్కువ. అన్నిటికంటే ముఖ్యం, చక్రం పెద్దదైతే ప్రతి గేరూ ఆ మేరకు బరువెక్కినట్టే. ఎత్తు ఎక్కలేక అవస్థ పడుతున్న చిన్న ఇంజిన్‌కి సాయం చేద్దామని వెళ్లి దాని మొదటి గేరు మీదే ఇంకాస్త బరువు పెట్టడమన్నమాట.

ఇదంతా చెప్పినా వాడు ఒప్పుకోలేదు. నాకూ లోపల చిన్న ఆశ ఉంది. అందుకని అసలు పడుతుందా లేదా చూద్దామని ఒక ఆదివారం ముందు చక్రం జాకీ మీద లేపి, కింద స్టాండ్ పెట్టి, చక్రాల తొట్టిలో తల దూర్చాను.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో చాలావాటికి ముందు సస్పెన్షన్ ఒకే నిలువు కడ్డీలా ఉంటుంది, స్ట్రట్ అంటారు. దాని నడుముకి స్ప్రింగ్‌ని మోసే పళ్లెం ఒకటి వెల్డింగ్ చేసి ఉంటుంది. మా కారులో ఆ పళ్లెం అంచు సరిగ్గా టైర్ నెత్తి మీదికి వచ్చి ఆగింది. మధ్యలో సందు ఉంది. ఎంత? స్కేల్ పట్టదు, టార్చ్ వేస్తే నీడ పడుతుంది, వేలు పెడితే నా వేలి మందం ఎంతో నాకే తెలియదు. మా చిన్నది అప్పుడే క్లేతో ఏనుగు చేస్తోంది. బతిమాలి ఒక ముద్ద అడిగి తీసుకున్నాను. పళ్లెం కింద మందంగా అంటించి చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పాను. ఎక్కువైన క్లేని టైర్ గీరేసింది, సందు ఎంతో అంతే మిగిలింది. బ్లేడుతో కోసి కొలిస్తే 14 మి.మీ.

ఆ పళ్లెం చక్రంతోపాటే పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి కారు జాకీ మీదున్నా నేల మీదున్నా ఆ సందు మారదు. 70 టైర్ వేస్తే సందులోంచి పదకొండు దాకా పోతాయి, మిగిలేది మూడు. ఏటీ టైర్ గాడిలో గోలీకాయంత రాయి ఇరుక్కోవడం మామూలే. మూడు మిల్లీమీటర్ల సందులోంచి ఆ రాయి తిరగాలి, అదీ మలుపులో టైర్ పక్కకి వంగుతున్నప్పుడు. క్లే ముక్కని స్కేల్ పక్కన పెట్టి ఫొటో తీసి తమ్ముడికి పంపాను. ఒక బొటనవేలు గుర్తు వచ్చింది. 70 మాట మళ్లీ ఎత్తలేదు.

చక్రాల తొట్టి సంగతి వేరు. అక్కడి ప్లాస్టిక్ లైనర్‌కీ టైర్‌కీ ఉన్న దూరం కారు గోతిలో దిగినప్పుడల్లా తగ్గుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైర్ భుజం మడ్ ఫ్లాప్‌కి దగ్గరగా వస్తుంది. అది ఒకవైపే చూసి వదిలేయకూడదు, రెండు వైపులా తిప్పి, రివర్స్‌లో కూడా నడిపి చూడాలి. సైజు అదే అయినా ఏటీ టైర్ భుజాల మీద బటన్లు బయటికి పొడుచుకొస్తాయి కాబట్టి ఇది వదలకూడని పని.

సైజు తేలాక రకం. ఇక్కడ నేను కాస్త ఉంటే తప్పు చేసేదాన్నే. తమ్ముడి బండికి ఉన్నవి ఎల్‌టీ రకం, అంటే లైట్ ట్రక్ టైర్లు. సైడ్‌వాల్ మందం, లోపలి పొరలు బలం. నాకు కావలసింది అదే కదా అనిపిస్తుంది. కానీ ఆ టైర్లు పెద్ద బరువుల కోసం పుట్టినవి. అదే బరువు మోయడానికి మామూలు టైర్ కంటే ఎక్కువ గాలి కావాలి, అంత గాలి పెడితే మా తేలికపాటి కారు ప్రతి గోతిలోనూ ఎగురుతుంది. తూకం కూడా ఎక్కువ. పాత టైర్ ఒకటి బాత్రూమ్‌లో ఉండే తూకం మీద పెడితే 10 కిలోల పైచిలుకు తూగింది. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో ముందు టైర్లకు అన్ని పనులూ ఒకేసారి పడతాయి. లాగేది అవే, తిప్పేది అవే, బ్రేక్ వేస్తే ఎక్కువ భారం మోసేదీ అవే. వాటికి ఇంకో నాలుగైదు కిలోలు చొప్పున కట్టడం ఎందుకు?

ఈ మధ్య కంపెనీలు కార్లలాంటి చిన్న ఎస్‌యూవీల కోసమే మెత్తటి ఏటీలు చేస్తున్నాయి. ఫాల్కెన్‌లో వైల్డ్‌పీక్ ఏ/టీ ట్రయల్ అలాంటిదే. యోకోహామా జియోలాండర్ ఏ/టీ కూడా ఎల్‌టీ సైజులతోపాటు మామూలు కారు సైజుల్లో వస్తుంది. వీటిలో మధ్య బటన్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఒక్కో బటన్ మీద తడి రోడ్డు పట్టు కోసం సన్నటి కోతలు ఉంటాయి. భుజాల దగ్గర మాత్రం మొరటుగా ఉంటుంది. నేను కొన్నదీ ఈ కోవలోదే. ఏ కంపెనీదో చెప్పను. నా సైజులో, సరిపడా బరువు గుర్తుతో ఆ రోజు దొరికింది అది, మీకు దొరికేది వేరే కావచ్చు.

గుర్తుల గురించి ఒక మాట. ఎం+ఎస్ అని రాసి ఉంటే బురద, మంచు అని అర్థం. కానీ దానికి పరీక్ష ఏదీ ఉండదు, గాడుల ఆకారాన్ని బట్టి తయారీదారే వేసుకుంటాడు. మూడు శిఖరాల కొండలో మంచు రేకు బొమ్మ ఉంటే మాత్రం మంచు మీద పట్టు పరీక్ష నెగ్గినట్టు. మంచు పడే చోట ఉండేవాళ్లు ఆ బొమ్మ ఉన్నదే చూసుకోవాలి. నాకు దానితో పని పడలేదు.

టైర్లు అమ్మే చోట మొదట విన్న మాట: "మేడమ్, లాగేది ముందు చక్రాలే కదా. రెండు వేసుకుంటే సరిపోతుంది." వినడానికి ఎంత బాగుందో! సగం ఖర్చు. కానీ వెనకవి సగం అరిగిన హైవే టైర్లు. ముందు కొత్త గాడులు, వెనక అరిగినవి ఉంటే తడి మలుపులో ముందు భాగం పట్టుకుంటుంది, వెనక భాగం జారుతుంది. ముందు జారితే కాలు తీస్తే చాలావరకు సర్దుకుంటుంది. వెనక జారితే కారు చుట్టూ తిరుగుతుంది, మనలాంటి మామూలు డ్రైవర్ చేతికి దొరకదు. అందుకే రెండే కొన్నా కొత్తవి వెనక వెయ్యాలంటారు, ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయినా సరే. అలా వేస్తే నాకు ముందు పట్టు రాదు. కాబట్టి నాలుగూ ఒకే రకం, ఒకేసారి. ఇందులో బేరం లేదు.

ఎక్కించే ముందు తేదీలు చూశాను. సైడ్‌వాల్ మీద డాట్ అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 1424 అంటే 2024లో 14వ వారం. నాలుగూ దగ్గరదగ్గర వారాలవే, బాగానే ఉంది. ఎక్కించాక మాత్రం చిన్న గొడవైంది. ఈ టైర్లకు లోపలి వైపు, బయటి వైపు వేరు. బయటికి కనపడాల్సిన పక్కన 'ఔట్‌సైడ్' అని రాసి ఉంటుంది. చెల్లించేసి కారు చుట్టూ ఒకసారి తిరిగితే మూడు చక్రాల మీద ఆ మాట కనపడింది, నాలుగో దాని మీద లేదు. "ఏం కాదు మేడమ్, నడుస్తుంది" అన్నాడు కుర్రాడు. నడుస్తుంది, నిజమే. తడి రోడ్డు మీద ఎలా నడుస్తుందన్నదే నా టెన్షన్. నిలబడి మళ్లీ విప్పించి, తిప్పి వేయించి, బ్యాలెన్సింగ్ కూడా మళ్లీ చేయించాను. నట్లు గాలి మిషన్‌తో బర్రున బిగించేశారు. ఇంటికొచ్చి 80 కిలోమీటర్లు నడిచాక నట్టు ఎంత బిగువుగా ఉందో కొలిచే టార్క్ రెంచ్‌తో చూస్తే వెనక ఒక నట్టు పావు చుట్టు తిరిగింది. చక్రం విప్పి పెట్టిన ప్రతిసారీ ఈ పని నేనే చేసుకుంటున్నాను.

మా కారులో టైర్ గాలిని నేరుగా కొలిచే సెన్సర్లు లేవు. బ్రేక్ గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ద్వారా చక్రాలు తిరిగే వేగాన్ని పోల్చి, ఏదైనా తేడాగా తిరిగితే గాలి తగ్గిందని లైటు వేస్తుంది. కొత్త టైర్లు వేశాక దాన్ని రీసెట్ చెయ్యాలని మర్చిపోయాను. మూడో రోజు హైవేలో లైటు వెలిగితే గుండె జారిపోయింది. గాలి చూస్తే నాలుగింటిలోనూ 33 పీఎస్ఐ, డోర్ పక్క స్టిక్కర్ మీద ఉన్నంతే.

ఇక నడిపితే ఎలా ఉంది. మొదటి మార్పు చప్పుడు. 40 లోపు ఏమీ లేదు. 70 దగ్గర సన్నగా తుమ్మెద రొదలా మొదలవుతుంది, 90 దాటాక గాలి హోరులో కలిసిపోతుంది. మా ఆయన మొదటి వారం రేడియో సౌండ్ రెండు గీతలు పెంచారు, ఇప్పుడు ఆ ఊసే లేదు. మైలేజీ లీటరుకి 16 వచ్చేది, 15 దగ్గర తిరుగుతోంది. టైర్ తూకం 12 కిలోలు, పికప్‌లో ఆ బరువు తెలుస్తుంది, ముఖ్యంగా సిగ్నల్ దగ్గర. స్టీరింగ్ తిప్పితే ముక్కు ఒక్క క్షణం ఆలోచించి తిరిగినట్టు ఉంటుంది. బటన్లు పొడవు కదా, వంగి అప్పుడు పట్టుకుంటాయి.

నాకు నచ్చనిది తడి తారు మీద బ్రేక్. ఖాళీ రోడ్డు చూసుకుని వాన వెలిసిన పొద్దున 60 నుంచి గట్టిగా తొక్కాను. పాత టైర్లు కొత్తగా ఉన్నప్పటికంటే ముందుగానే ఏబీఎస్ కాలి కింద టకటకమంది. భయపడేంత కాదు. కానీ వానలో ముందు బండికీ నాకూ మధ్య దూరం పెంచాను. నూటికి ఐదు పాళ్ల కంకర కోసం మిగతా తొంభై అయిదులో కట్టే పన్ను ఇది. ఎవరైనా ఏటీ టైర్ అన్నిచోట్లా మేలే అంటే నమ్మకండి.

కంకర మీద మాత్రం మనసు నిండింది. గాలి 33 నుంచి 26కి తగ్గించి, 30 దాటకుండా పోతే కారు వేరే కారులా ఉంది. పాతవాటితో పళ్లు కదిలిపోయే గతుకులు మెత్తబడ్డాయి. పొడి కంకర మలుపు మొదటిసారే ఎక్కేసింది, చక్రం ఒక్క అరచుట్టు జారిందేమో. తిరుగు ప్రయాణంలో తారు తగలగానే 12 వోల్టుల పంపుతో మళ్లీ 33కి కొట్టాలి. ఇది బద్ధకించకూడదు, తక్కువ గాలితో హైవే వేగంలో పోతే టైర్ వేడెక్కి చస్తుంది. నాలుగింటికీ కలిపి పావుగంట. పిల్లలకి ఆ పావుగంటే ప్రయాణంలో నచ్చిన భాగం, మీటర్ ముల్లు ఎవరు చదవాలని పోట్లాట. సైడ్‌వాల్ చీరుకోవడం ఇప్పటిదాకా మళ్లీ జరగలేదు. టైర్ గొప్పతనమో, నేను రాళ్లు చూసి నడపడం నేర్చానో చెప్పలేను.

స్టెప్నీ ఒక్కటి పాత హైవే టైరే. పైకి సైజు ఒకటే అయినా బటన్ల లోతు వేరు కాబట్టి ఎత్తులో కొంచెం తేడా. ముందు చక్రం పంక్చరైతే స్టెప్నీ వెనక వేసి, వెనకది ముందుకి తెస్తాను. రెండుసార్లు జాకీ ఎత్తాలి, ఆ విసుగు నాదే. ముందు రెండు చక్రాలూ ఒకే ఎత్తులో ఉంటేనే వాటి మధ్య ఇంజిన్ శక్తిని రెంటికీ పంచే డిఫరెన్షియల్‌కి ఊపిరి.

తొమ్మిది వేల కిలోమీటర్ల దగ్గర మొదటిసారి చక్రాలు మార్చాను. ముందువి నేరుగా వెనక్కి, వెనకవి అడ్డంగా మారి ముందుకి. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కి చెప్పే పద్ధతి ఇది. కొలిస్తే ముందువి వెనకవాటికంటే అర మిల్లీమీటర్ ఎక్కువ అరిగాయి. అరిచేతితో ట్రెడ్ మీద ముందుకి నిమిరితే నునుపు, వెనక్కి నిమిరితే రంపం పళ్లలా గీరుకుంది. అలా వదిలేస్తే చప్పుడు నెలనెలా పెరుగుతుంది, అప్పుడు తుమ్మెద కాదు, విమానమే.

మొన్న వానల్లో తమ్ముడు కూడా వెంట వచ్చాడు, నా టైర్లు చూడాలని. ఆఖరి మలుపు ఈసారి కంకరలా లేదు, పైన బంకమట్టి కొట్టుకొచ్చి పేరుకుంది. మొదటి ప్రయత్నంలోనే గాడులన్నీ మట్టితో నిండి టైర్ గుండ్రటి ముద్దలా అయింది. చక్రం ఉన్నచోటే తిరగకుండా అడ్డుకునే ట్రాక్షన్ కంట్రోల్ ఆపి, చక్రం తిరిగి మట్టి విదిలించుకునేలా రెండోసారి ఎక్కించాను. మూడొంతులు ఎక్కి ఆగిపోయింది. ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోతుంది, లాగాల్సిన ముందు చక్రాలు తేలిపోతాయి. దానికి టైర్ ఏం చేస్తుంది పాపం. అందరినీ దింపేసి, కిందికి వచ్చి, కారు తిప్పి రివర్స్‌లో ఎక్కడం మొదలెట్టాను. అప్పుడు లాగే చక్రాలు పల్లం వైపు ఉంటాయి, బరువు వాటి మీదే పడుతుంది. అద్దంలోంచి మెడ తిప్పి చూస్తూ, పిల్లలు "అటు అమ్మా, ఇటు అమ్మా" అని అరుస్తుంటే, ఇంటి గేటు దాకా వెనక్కే నడిపాను. తమ్ముడు బురదలో నిలబడి మొత్తం వీడియో తీశాడు. అందులో టైర్లు కనపడవు, అంతా మట్టే.